కడుపులో బిడ్డకు పగలు తెలుస్తుందా?



ఈసారి పాత ఊళ్ళ కథ గానీ, ఇంటిపేర్ల కథ గానీ రాయడం లేదు. కడుపుతో ఉన్న ఆడబిడ్డలున్న ఇళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటి రాస్తున్నాను. కడుపులో ఉన్న బిడ్డకు వెలుగు తెలుస్తుందా? తెలిస్తే మనం ఏం చేయాలి, ఏం చేయకూడదు? కొంచెం పొడుగ్గానే ఉంటుంది. తీరిక చేసుకుని చదవండి.

ఈ ప్రశ్న మన ఇళ్ళలో రెండు వైపుల నుంచి వస్తుంది. గ్రహణం నాడు కడుపుతో ఉన్న పిల్లను పెద్దవాళ్ళు చీకటి గదిలో కూర్చోబెట్టి తలుపు వేస్తారు. కుర్రవాళ్ళేమో ఫోన్‌లో వీడియోలు చూసి, పొట్ట మీద టార్చ్ లైటు వేస్తే బిడ్డ తెలివిగా పుడుతుందని రాత్రి పడుకునే ముందు వేస్తున్నారు. ఒకరు వెలుగు తగలకూడదంటారు. ఒకరు బాగా తగలాలంటారు. ఇద్దరిదీ బిడ్డ మీద ప్రేమే. కానీ మధ్యలో ఉన్నది ఆ తల్లి. ఆమె దాహం గురించి, ఆమె నిద్ర గురించి ఇద్దరూ అడగరు.

ముందుగా, వెలుగు అసలు లోపలికి పోతుందా అన్నది చూద్దాం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు టార్చ్ లైటు వెలిగించి అరచెయ్యి అడ్డం పెట్టండి. వేళ్ళ అంచులు ఎర్రగా మెరుస్తాయి. చిన్నప్పుడు మనమందరం ఆడిన ఆటే. వెలుగులో ఉన్న నీలాన్ని, పచ్చను మన నెత్తురు, కండ మింగేస్తాయి. ఎరుపు కొంత మిగిలి అవతలికి వస్తుంది. రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఎరుపు అంటే నాకు సిగ్నలే గుర్తొస్తుంది. సిగ్నల్‌కు ఎరుపు పెట్టిన కారణం వేరు, ఇక్కడి కారణం వేరు. కానీ ఎరుపు దూరం పోతుందన్న మాట రెండు చోట్లా నిజమే.

తల్లి పొట్ట కూడా అంతే. చర్మం, కొవ్వు, కండ, గర్భసంచి, ఉమ్మనీరు, ఇన్ని దాటి పోవాలి. అందులో చాలా భాగం దారిలోనే ఆగిపోతుంది. పట్టుచీర కట్టుకుని ఇంట్లో కూర్చుంటే దాదాపు ఏమీ పోదు. పల్చటి నూలు బట్టతో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే, లోపల మసక ఎరుపు వెలుగు ఉంటుంది. అంటే కడుపు లోపల ఎప్పుడూ కటిక చీకటి కాదు. తెల్లవారినప్పుడు కొంచెం మారుతుంది, పొద్దుగూకినప్పుడు మళ్ళీ మారుతుంది.

ఇక చూసే కన్ను సంగతి. డాక్టర్లు ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టి 40 వారాలంటారు. నేనూ ఆ లెక్కే చెప్తాను. మూడో నెలలో బిడ్డ కనురెప్పలు రెండూ అతుక్కుపోతాయి. లోపల కన్ను తయారయ్యేదాకా తలుపు మూసినట్టు అలాగే ఉంటాయి. సుమారు 26వ వారంలో మళ్ళీ విడతాయి. వెలుగు పడితే కంటిపాప చిన్నదయ్యే గుణం 30 వారాల తరవాత మొదలై, 35 వారాలకు దాదాపు అందరు బిడ్డలకూ వస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను పరీక్షించి తెలుసుకున్న సంగతి ఇది. చెవి ఇంతకంటే ముందే పనిలోకి దిగుతుంది. సీమంతంలో, ఇక్కడి వాళ్ళు చేసే వళైకాప్పులో గాజులు గలగలలాడిస్తారు కదా, ఆ చప్పుడు బిడ్డకు చేరుతుంది. అయిదు ఇంద్రియాల్లోనూ ఆఖరున తయారయ్యేది చూపు.

తమిళంలో గర్భసంచికి కరువరై అని ఒక మాట ఉంది. గుడిలో మూలవిగ్రహం ఉండే చోటుకూ అదే మాట. నేను చదివింది తమిళ మీడియంలో కాబట్టి ఆ మాట మొదట గుడి అర్థంలోనే తెలుసు. రెండో అర్థం తెలిశాక, మన గర్భగుడి అన్న మాట కూడా అదే కదా అని ఆశ్చర్యపోయాను. రెండు భాషల పెద్దలూ ఆ రెండు చోట్లనూ ఒకే పేరుతో పిలిచారు. లోపల చీకటి, చిన్న దీపం. హారతి ఎత్తినప్పుడు మాత్రం స్వామి ముఖం కనిపిస్తుంది.

ముఖం మాట ఎందుకు ఎత్తానంటే, ఇంగ్లండులోని లంకాస్టర్ యూనివర్సిటీలో విన్సెంట్ రీడ్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు ఒక పరిశోధన చేసి 2017లో ప్రచురించారు. 34 వారాల గర్భం ఉన్న తల్లుల పొట్ట మీదుగా మూడు ఎర్ర చుక్కల వెలుగు లోపలికి పంపారు. ఒకసారి పైన రెండు, కింద ఒకటి. అంటే రెండు కళ్ళు, ఒక నోరు లాగ. ఇంకోసారి అదే తలకిందులుగా. ఆ చుక్కలను మెల్లిగా పక్కకు జరుపుతూ, బిడ్డ తల తిప్పుతుందా లేదా అని స్కానింగులో చూశారు. మొత్తం 39 మంది బిడ్డలు. ముఖం లాంటి చుక్కల వైపు 40 సార్లు తల తిప్పారు. తలకిందుల చుక్కల వైపు 14 సార్లే తిప్పారు.

చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇంకా ఒక్క ముఖం కూడా చూడని బిడ్డ, ముఖం లాంటిదాని వైపు తిరుగుతోంది! కానీ ఒక మాట చెప్పాలి. మరుసటి ఏడు అదే పత్రికలో వేరే శాస్త్రజ్ఞులు ఈ పరిశోధన పద్ధతి మీద అభ్యంతరాలు రాశారు. అందువల్ల ముఖం సంగతి ఇంకా తేలిన విషయం అనుకోవద్దు. వెలుగు వైపు బిడ్డ తల తిప్పుతుందన్న వరకు తీసుకుందాం. ఇంకో ముఖ్యమైన మాట. పొట్ట మీద గట్టి వెలుగు వేయవద్దని ఆ రీడ్ గారే తల్లులకు చెప్పారు. టార్చ్ వీడియోలు చేసేవాళ్ళు ఆయన పరిశోధన చూపిస్తారు, ఆయన హెచ్చరిక చూపించరు. టార్చ్ వేస్తే తెలివి పెరుగుతుందని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు. బిడ్డ తల తిప్పడం ట్యూషన్ కాదు. కళ్ళ మీద లైటు పడితే నిద్రపోతున్న మనమూ తల తిప్పుతాం.

మరి వెలుగుతో పనే లేదా అంటే, అలా కూడా కాదు. 2013లో నేచర్ అనే పత్రికలో ఎలుకల మీద చేసిన పరిశోధన వచ్చింది. అమెరికాలో సిన్సినాటిలోని పిల్లల ఆసుపత్రికి చెందిన రిచర్డ్ లాంగ్, శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన డేవిడ్ కోపెన్‌హేగెన్, వాళ్ళ తోటివాళ్ళు చేశారు. ఎలుక మోసేది సుమారు 20 రోజులు. ఆఖరు రోజుల్లో తల్లి ఎలుకను పూర్తిగా చీకట్లో ఉంచితే, పుట్టిన పిల్లల కళ్ళలో నెత్తుటి నాళాలు ఉండవలసినట్టు లేవు. పోవలసిన నాళాలు పోకుండా నిలిచిపోయాయి. మెలనాప్సిన్ అనే ఒక పదార్థం కడుపులోనే వెలుగును పట్టుకుని, కంటి పెరుగుదలకు సంకేతం ఇస్తోందని వాళ్ళు తేల్చారు. ఆ కన్నుకు ఇంకా బొమ్మ కనబడదు. పగలా రాత్రా అన్నంత మాత్రం తెలుస్తుంది. ఆ కాస్త తెలివిడితోనే కన్ను తన పని చేసుకుంటోంది.

ఎలుక ఎలుకే, మనిషి మనిషే. ఒక పూట చీకటి గదిలో ఉంటే బిడ్డ కన్ను పాడవుతుందని దీని అర్థం కాదు. అలా ఎవరినీ భయపెట్టకండి. నేను తీసుకున్నది ఇంతే. వెలుగు కడుపులో బిడ్డకు శత్రువు కాదు. మామూలు పగటి వెలుగు బిడ్డ పెరుగుదలలో ఒక భాగం.

ఇప్పుడు గ్రహణం సంగతికి వస్తాను. 2019 డిసెంబర్ 26న వచ్చిన సూర్యగ్రహణం మా తిరుచ్చిలో ఉంగరం లాగ కనిపించింది. కోయంబత్తూరు, ఈరోడు, కరూరు, దిండిగల్లు వాళ్ళకూ గుర్తుంటుంది. పొద్దున ఎనిమిది దాటాక పట్టి, పదకొండు దాటాక విడిచింది. అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదో నెల. మా అమ్మ ఆమెను మధ్య గదిలో కూర్చోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టించింది. కదలకూడదు, గోరు గిల్లకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. పిల్ల తెల్లవారుజామున లేచి కాఫీ తాగిందంతే. తొమ్మిదిన్నరకు లోపలి నుంచి మాట వినిపించింది.

"అవ్వా, గొంతు ఎండిపోతా ఉండాది. ఒక గుక్క నీళ్ళయినా తాగనీ."

"విడిచేదాకా ఓర్చుకో తల్లీ. బిడ్డ కోసమే కదా."

మా అమ్మకు అప్పుడు ఎనభై దాటాయి. ఆమెతో సైన్సు మాట్లాడితే పని జరగదు. నీళ్ళ బిందెలో దర్భ వేసి పెట్టింది ఆమే. నేను అడిగాను.

"అమ్మా, దర్భ వేస్తే నీళ్ళకు దోషం తగలదనే కదా వేశావు?"

"అవునురా."

"దోషం తగలని నీళ్ళు తాగితే దోషం ఎట్లా వస్తుందమ్మా?"

కాసేపు నా ముఖం చూసింది. తరవాత తనే చెంబుతో ముంచి లోపలికి పట్టుకుపోయింది. పిల్ల రెండు చెంబులు తాగింది. తాగిన కాసేపటికి, "నాయనా, ఇంతసేపూ గమ్మున ఉండింది, ఇప్పుడు బాగా తిరుగుతా ఉండాది" అని నవ్వింది.

గ్రహణం నాడు సూర్యుడి నుంచి కొత్త కిరణాలేవీ రావు. రోజూ వచ్చే వెలుగే, చంద్రుడు అడ్డం వచ్చినందువల్ల తక్కువగా వస్తుంది. సూటిగా సూర్యుణ్ణి చూస్తే చూసినవాళ్ళ కళ్ళు పాడవుతాయి. అది కడుపుతో ఉన్నవాళ్ళకే కాదు, అందరికీ. పొట్ట లోపలికి దానివల్ల ఏమీ పోదు.

మన తెలుగులో పెదవి చీలికకు గ్రహణమొర్రి అని పేరే పెట్టేశారు. పేరులోనే గ్రహణం ఉంది కాబట్టి భయం తరతరాలుగా నిలిచిపోయింది. తమిళంలో ఉదట్టుప్పిళవు, అంటే ఒట్టి పెదవి చీలిక. ఒక లెక్క చూడండి. బిడ్డ పై పెదవి కలుసుకునేది 4 నుంచి 7 వారాల మధ్య. అంగిలి కలుసుకునేది 6 నుంచి 9 వారాల మధ్య. అంటే చాలామందికి తాము కడుపుతో ఉన్న సంగతి సరిగ్గా తెలిసేలోపలే ఆ పని అయిపోతుంది. ఎనిమిదో నెలలో వచ్చిన గ్రహణం, ఆరు నెలల ముందే కలిసిపోయిన పెదవిని ఎలా చీలుస్తుంది? చీలికతో పుట్టిన బిడ్డ తల్లిని "గ్రహణం నాడు నువ్వేం చేశావు" అని అడిగిన పెద్దవాళ్ళను నేను చూశాను. ఆ తల్లి ఏమీ చేయలేదు. దయచేసి ఆ ప్రశ్న మన ఇళ్ళలో ఇకమీద ఎవరూ అడగవద్దు. ఆపరేషన్‌తో బాగా సరిచేస్తారు, ఆ దారి చూపించండి.

నిజానికి బిడ్డకు పగలూ రాత్రీ తెలిసే పెద్ద దారి వెలుగు కాదు, తల్లి. చీకటి పడ్డాక తల్లి మెదడులో మెలటోనిన్ అనే రసం ఊరుతుంది. నిద్ర వేళ అయిందని ఒంటికి చెప్పే రసం అది. అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డకు ఆ రసం సొంతంగా వేళప్రకారం ఊరడం పుట్టిన రెండు మూడు నెలలకు గానీ మొదలు కాదు. అంతవరకు తల్లి గడియారమే బిడ్డ గడియారం. పసిబిడ్డ రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతే "రాత్రీ పగలూ తారుమారు చేసుకుంది" అంటాం కదా, తల్లి గడియారం నుంచి విడిపోయి తన గడియారం ఇంకా పెట్టుకోని కాలం అది.

అందువల్ల రాత్రి పన్నెండు దాకా ఫోన్ వెలుగులో ఉండి, ఆ పైన పొట్ట మీద టార్చ్ వేయడం కంటే, పదింటికి దీపం ఆర్పి పడుకోవడం మేలు. రాత్రి డ్యూటీలు చేసే మన ఆడపిల్లలు రైల్వేలో ఉన్నారు, ఆసుపత్రుల్లో ఉన్నారు, బెంగళూరు కంపెనీల్లో ఉన్నారు. డెన్మార్కులో 22,744 మంది గర్భిణుల మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది. ఎనిమిదో వారం దాటాక ఒక వారంలో రెండు, అంతకంటే ఎక్కువ రాత్రి డ్యూటీలు చేసినవాళ్ళకు, ఆ మరుసటి వారం గర్భం పోయే అపాయం 32 శాతం ఎక్కువగా కనిపించింది. అది రాత్రి వెలుగువల్లేనని తేలలేదు, చేసినవాళ్ళందరికీ అలా జరుగుతుందనీ కాదు. కానీ "కొన్నాళ్ళు నాకు పగటి డ్యూటీ వేయండి" అని అడగడానికి ఇది చాలినంత కారణం. అడగడం సిగ్గుపడవలసిన పని కాదు.

ఇక ఆఖరుగా, నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు. కడుపులో మసక వెలుగులో ఉండవలసిన బిడ్డ ఒక్కసారిగా ట్యూబ్‌లైట్ల కిందికి వస్తుంది. ఆ వెలుగు కళ్ళకు చెరుపు చేస్తుందేమోనని చాలాకాలం అనుమానం ఉండింది. అమెరికాలో 409 మంది బిడ్డల మీద పరీక్ష చేసి 1998లో ప్రచురించారు. కొందరికి వెలుగును 97 శాతం ఆపే కళ్ళద్దాలు కట్టారు, కొందరికి కట్టలేదు. కంటి జబ్బు రెండు జట్లలోనూ ఇంచుమించు ఒకే రకంగా వచ్చింది. చీకటి కాపాడలేదు. అంతకు ముందు, 1986లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ డాక్టర్లు 41 మంది బిడ్డల మీద ఒక పని చేశారు. ఒక వార్డులో సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా వెలుగు, చప్పుడు తగ్గించారు. ఇంకో వార్డులో రాత్రీ పగలూ ఒకటే. పగలూ రాత్రీ తేడా చూపించిన వార్డు బిడ్డలు ఇంటికి వెళ్ళాక ఎక్కువ నిద్రపోయారు, ఎక్కువ బరువు పెరిగారు. అంటే బిడ్డకు కావలసింది ఎప్పుడూ చీకటి కాదు, ఎప్పుడూ వెలుగూ కాదు. వంతులవారీగా రెండూ.

మరి ఆ కంటి జబ్బు ఎందుకు వస్తుంది? కంటి వెనక పొరలో నెత్తుటి నాళాలు మధ్య నుంచి అంచుకు పాకుతూ, నెలలు నిండేసరికి అంచు చేరుతాయి. ముందే పుట్టిన బిడ్డకు అవి సగం దారిలో ఉంటాయి. పుట్టాక ఆక్సిజన్ హెచ్చుతగ్గుల వల్ల దారి తప్పి అడ్డదిడ్డంగా పెరుగుతాయి. ముదిరితే కంటి పొర ఊడి చూపు పోతుంది. పైకి కన్ను ముత్యంలాగే ఉంటుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. అమెరికా పాటగాడు స్టీవీ వండర్ 1950లో ఆరు వారాలు ముందుగా పుట్టి చూపు పోగొట్టుకున్నది ఈ జబ్బుతోనే.

మా తమ్ముడి కూతురికి 31 వారాలకే కాన్పు అయింది. పాప 1,400 గ్రాములు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపుతూ, 30 రోజుల లోపల కంటి పరీక్ష తప్పకుండా చేయించమని నర్సమ్మ రెండుసార్లు చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. నెల తిరగకుండా పసిబిడ్డను గడప దాటించకూడదు, గాలి తగులుతుంది, కళ్ళలో లైటు వేస్తే లేని జబ్బు వస్తుంది అన్నారు. రెండు రోజులు ఇంట్లో మాటామాటా అయింది. మా తమ్ముడి భార్య ఆఖరుకు, "గాలి తగిలితే నేను పడతాను, కళ్ళు పోతే అది పడాలి" అని పాపను ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. అది 28వ రోజు. జబ్బు మొదలైందని తెలిసింది, మరుసటి వారం చూస్తే ముదురుతోంది. రెండు రోజుల్లో లేజర్ చేశారు. ఇప్పుడు ఆ పాప బడికి పోతోంది. దారిలో కనిపించే ప్రతి బోర్డూ గట్టిగా చదువుతుంది.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. 34 వారాల లోపల పుట్టినా, 2,000 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టినా, 30 రోజుల లోపల కంటి వెనక పొర పరీక్ష జరగాలి. ఇంకా చిన్న బిడ్డలైతే, అంటే 28 వారాల లోపలైనా, 1,200 గ్రాముల లోపలైనా, రెండు మూడు వారాలకే జరగాలి. ఆసుపత్రి వాళ్ళు చెప్పకపోతే మీరే అడగండి. తమిళనాడులో మదురై అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాదులో, భువనేశ్వర్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. కర్ణాటకలో బెంగళూరు నారాయణ నేత్రాలయ వాళ్ళు 2008 నుంచి జిల్లా ఆసుపత్రులకే కెమెరా తీసుకువెళ్ళి ఈ బిడ్డల కళ్ళు చూస్తున్నారు. ఇతర చోట్ల ఉన్నవాళ్ళు బిడ్డల డాక్టరును అడిగితే దారి చెప్తారు.

కడుపుతో ఉన్న పిల్లను చీకట్లో పెట్టకండి, పొట్ట మీద టార్చ్ వేయకండి. పొద్దున కాసేపు ఎండ పొడలో నడవనివ్వండి, దాహమైతే నీళ్ళివ్వండి, రాత్రి పెందలాడే పడుకోనివ్వండి. ఆమె పగలు పగలుగా, రాత్రి రాత్రిగా గడిస్తే బిడ్డకు ఆ రెండూ వాటంతట అవే తెలుస్తాయి. బిడ్డ తొందరపడి ముందే వచ్చేస్తే మాత్రం, డాక్టరు ఆ కళ్ళలో లైటు వేసి చూడడానికి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి.

మీకు తెలిసిన ఇళ్ళలో ఎవరైనా కడుపుతో ఉంటే ఇది చదివి వినిపించండి. ముఖ్యంగా ఆ ఇంటి అవ్వలకు వినిపించండి. వాళ్ళు ఒప్పుకుంటే ఇల్లంతా ఒప్పుకుంటుంది.